బోరు రంధ్రంలో తరంగ వేగం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏదైనా సర్వే నివేదికలో పొర వేగం (ఒక రాతి పొరలో తరంగం సాగే వేగం) కనిపిస్తే, దాన్ని ఏ పౌనఃపున్యంలో, ఎంత నిడివిపై కొలిచారో నేను ముందు చూస్తాను. అవి తెలియకపోతే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తేల్చలేం.

అపోహ: సోనిక్ లాగ్ (రంధ్రంలోకి దించిన పరికరం ధ్వనితో గోడ వెంట తీసే వేగ రికార్డు) తీశాక చెక్‌షాట్ (ఉపరితలంపై తరంగం పుట్టించి, అది రంధ్రంలో తెలిసిన లోతుకు చేరే కాలాన్ని కొలవడం) అనవసరం.

వాస్తవం: సోనిక్ పరికరం కిలోహెర్ట్జ్ స్థాయి ధ్వనితో, రంధ్రపు గోడను ఆనుకొని ఉన్న కొద్దిపాటి రాతిని మాత్రమే చూస్తుంది; ఉపరితల సర్వే తరంగాలు పదుల హెర్ట్జ్‌లో ఉంటాయి. రాతిలో శక్తి క్షయం వల్ల వేగం పౌనఃపున్యంతో పాటు స్వల్పంగా పెరుగుతుంది కాబట్టి, సోనిక్ విలువలను కూడగా వచ్చే ప్రయాణ కాలం చెక్‌షాట్ కాలం కంటే తరచు తక్కువగా ఉంటుంది. గోడ కూలి రంధ్రం వెడల్పయిన చోట మాత్రం ఈ తేడా తలకిందులు కావచ్చు. అందుకే కాలాన్ని చెక్‌షాట్ నుంచి, సూక్ష్మ వివరాన్ని సోనిక్ నుంచి తీసుకోవడం నా పద్ధతి.

అపోహ: ఎంత దగ్గర దగ్గరి లోతుల్లో కొలిస్తే అంత కచ్చితత్వం.

వాస్తవం: నేను ఈ పనిలో చేరిన కొత్తలో అలాగే నమ్మి గీసిన వేగ రేఖ రంపపు పళ్లలా వచ్చింది. కారణం చిన్న లెక్కలోనే ఉంది. సెకనుకు 2500 మీటర్ల వేగమున్న రాతిలో 10 మీటర్లు దాటడానికి తరంగానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. తొలి రాకలను (తరంగం మొదట చేరిన క్షణాలను) గుర్తించడంలో 1 మిల్లీసెకను పొరబడితే ఫలితం 2000 నుంచి 3333 మధ్య ఎక్కడైనా తేలవచ్చు. అదే పొరపాటు 100 మీటర్ల అంతరంలో జరిగితే విలువ సుమారు 2440, 2560 మధ్యనే ఉంటుంది.

అపోహ: లోతును కాలంతో భాగిస్తే పొర వేగం వస్తుంది.

వాస్తవం: వచ్చేది సగటు వేగం. తరంగం నిట్టనిలువుగా 1000 మీటర్లకు 0.40, 1200 మీటర్లకు 0.45 సెకన్లలో చేరితే, సగటు దాదాపు 2667. ఆ 200 మీటర్ల పొర వేగం 4000. ఇక తరంగ మూలం రంధ్రానికి 50 మీటర్ల దూరంలో ఉంటే, 100 మీటర్ల లోతుకు ఏటవాలు దారి దాదాపు 112 మీటర్లు అవుతుంది కాబట్టి కాలాన్ని సవరించక తప్పదు. 2000 మీటర్ల లోతులో ఆ తేడా ఒక మీటరు కూడా ఉండదు.

అపోహ: కేసింగ్ (రంధ్రంలో దించిన ఉక్కు గొట్టం) ఉంటే కొలవలేం.

వాస్తవం: గొట్టానికీ రాతికీ మధ్య సిమెంటు బాగా పట్టుకుని ఉంటే కొలవవచ్చు. పట్టు లేనిచోట రాతి కంటే ముందు ఉక్కు గొట్టపు తరంగమే జియోఫోన్‌ను (కదలికను పసిగట్టే పరికరాన్ని) చేరవచ్చు.

అపోహ: ద్రవంలో ఎస్-తరంగం (తాను సాగే దిశకు అడ్డంగా రాతిని కదిపే తరంగం) సాగదు కనుక నీరు నిండిన రంధ్రంలో దాన్ని కొలవలేం.

వాస్తవం: జియోఫోన్‌ను గోడకు గట్టిగా బిగిస్తే రాతి గుండా వచ్చిన తరంగం నేరుగా అందుతుంది. తక్కువ లోతుల్లో, నేలకు బిగించిన దిమ్మను ఒకసారి ఒక వైపు నుంచి, మరొకసారి రెండో వైపు నుంచి కొడతాం. రెండు రికార్డులను ఒకదానిపై ఒకటి పెడితే, కదలిక దిశ తిరగబడిన చోటే ఎస్-తరంగపు రాక.