అమ్మకు కీళ్లవాతం ఉంటే పిల్లలకూ వస్తుందా?

అమ్మ చేతివేళ్లు ఏడాదికేడాది వంకరపోవడం చూస్తూ పెరిగిన కూతురికి, ముప్పై దాటాక ఒక్క వేలు నొప్పి పెట్టినా టెన్షనే. నాకూ మొదలైందా? నెట్‌లో వెతికితే, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతం ఉన్నవాళ్ల తోబుట్టువులకు, పిల్లలకు ముప్పు మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువని కనిపిస్తుంది. ఆ రాత్రికి నిద్ర ఉండదు.

ఆ లెక్క తప్పు కాదు. కానీ దేనికి మూడు రెట్లో చెప్పకుండా రెట్లు మాత్రమే చెబితే మనిషిని భయపెట్టినట్టే. ఈ జబ్బు మామూలుగా నూటికి ఒకరికో, అంతకంటే తక్కువ మందికో వస్తుంది. దానికి మూడు నాలుగు రెట్లంటే నూటికి ముగ్గురు నలుగురు. ఇంట్లో జబ్బున్నా, తొంభై మందికి పైగా దాని జోలికే పోరు. బ్రిటన్‌లో కవలల మీద చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. జన్యువులన్నీ ఒక్కటే అయిన కవలల్లో కూడా, ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి ఉన్నది నూటికి 15 జంటల్లోనే. అందుకే జీన్ టెస్ట్ చేయించుకుంటే అంతా తేలిపోతుందన్న మాట నేను నమ్మను.

జన్యువుల కంటే రక్తం ఎక్కువ చెబుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక మంచి ఆలోచన చేశారు. రుమటాయిడ్ వచ్చినవాళ్లలో 79 మంది అంతకుముందు రక్తదాతలు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఇచ్చిన రక్తం బ్లడ్ బ్యాంకు ఫ్రీజర్లలో భద్రంగా ఉంది. దాన్ని బయటికి తీసి పరీక్షిస్తే, దాదాపు సగం మందిలో సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలు, అంటే యాంటీ సీసీపీ గానీ రుమటాయిడ్ ఫ్యాక్టర్ గానీ, అప్పటికే కనిపించాయి. అదీ నొప్పి మొదలవడానికి సుమారు నాలుగున్నరేళ్ల ముందు! 2004లో వచ్చిన ఈ ఫలితంతో, కీలు వాయకముందే జబ్బు ఒంట్లో నడుస్తోందని స్పష్టమైంది.

అలాగని బంధువులందరూ ల్యాబుకు పరిగెత్తాలా? అక్కర్లేదు. కెనడాలోని మానిటోబాలో క్రీ, ఒజిబ్వే ఆదివాసుల్లో ఈ జబ్బు చాలా ఎక్కువ. అక్కడ పేషెంట్ల దగ్గరి బంధువులను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వస్తున్నారు. యాంటీబాడీలు కనిపించినవాళ్లలో చాలామందికి జబ్బు రాలేదు. కొందరిలో ఆ యాంటీబాడీలే మాయమయ్యాయి. ఏ బాధా లేని మనిషి చేతిలో పాజిటివ్ రిపోర్టు పెడితే మిగిలేది దిగులే.

మన చేతిలో ఉన్నవాటిలో ముఖ్యమైనది పొగ మానడం. ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్ల రూపాన్ని పొగ కొద్దిగా మారుస్తుంది. మారిన ఆ ప్రొటీన్లను శరీరం పరాయివిగా చూసి యాంటీబాడీలు తయారుచేస్తుంది. ముప్పు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి, పైగా పొగ తాగేవాళ్లకు యాంటీబాడీలతో కూడిన రుమటాయిడ్ ముప్పు, ఆ రెండూ లేనివాళ్లతో పోలిస్తే 21 రెట్లని 2006లో స్వీడన్ అధ్యయనం తేల్చింది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే, సిగరెట్టైనా బీడీ అయినా చుట్టైనా ఇవాళే మానేయమని బతిమాలి చెబుతాను.

ఎప్పుడు అనుమానపడాలో కూడా తెలియాలి. 2017లో యూరప్ రుమటాలజిస్టులు, అంటే కీళ్లవాతం డాక్టర్లు, ఏడు గుర్తులు చెప్పారు. అందులో దగ్గరి బంధువుకు జబ్బుండటం ఒక్కటి మాత్రమే. మిగతావన్నీ చేతుల్లో తెలిసేవే: వేళ్లు అరచేతిని కలిసే చోటి కణుపుల్లో నొప్పి, అది మొదలై ఏడాది దాటకపోవడం, తెల్లవారుజామున బాధ ఎక్కువ కావడం, లేచాక గంట, ఆపైన కూడా కీళ్లు బిగుసుకుని ఉండటం, పిడికిలి సరిగ్గా ముడుచుకోకపోవడం. చివరిదాన్ని డాక్టరే చూస్తారు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు అరచేతిని పట్టుకుని, నాలుగు కణుపులనూ పక్కల నుంచి మెల్లగా నొక్కుతారు. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటే అది గుర్తే. ఇలాంటివి మూడు నాలుగు కలిస్తే యాంటీ సీసీపీ చేయించడంలో అర్థముంది.

పాజిటివ్ వచ్చి, నొప్పి ఉండి, ఇంకా వాపు రానివాళ్ల మీద బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో ఒక ప్రయోగం జరిగింది. ఫలితాలు 2024లో వచ్చాయి. 213 మందిలో సగం మందికి ఏడాదిపాటు వారం వారం అబాటాసెప్ట్ అనే, రోగనిరోధక శక్తి జోరు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది ముగిసేసరికి వాళ్లలో 6 శాతం మందికే జబ్బు వచ్చింది, మందు లేనివాళ్లలో 29 శాతం మందికి. మందు ఆపిన ఏడాదికి ఆ తేడా బాగా తగ్గి 25, 37 శాతాల దగ్గరికి చేరింది. మందు వాడినన్నాళ్లూ జబ్బును వెనక్కి నెట్టగలిగారు. పూర్తిగా ఆపడం ఎలాగన్నదాని మీద పని ఇంకా సాగుతోంది.