నాలుక కూడా ఊరుతుంది

మద్దిలపాలెం నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు అడిగాడు: "రుషికొండ దగ్గర మూడు గంటలు ఈదాను సార్. భుజాలు బాగానే ఉన్నాయి. ఇంటికొచ్చి చారన్నం నోట్లో పెట్టుకుంటే నాలుక భగ్గుమంది. కంచం తోసేసి మజ్జిగ తాగి పడుకున్నా. వచ్చే ఏడాది ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఈదాలని ఉంది. ఏం చేయాలి?"

వారానికి ఎన్ని కిలోమీటర్లు ఈదాలో కోచ్ చెబుతారు. నా మనసు ఆ నాలుక మీదే ఉండిపోయింది.

ఉప్పు చేసే పని ఆవకాయ పెట్టే ఇళ్లలో అందరికీ తెలుసు. ముక్కలను తడి లేకుండా తుడిచి, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీకెత్తుతాం. చుక్క నీళ్లు పోయం. మూడో రోజు మూత తీస్తే ఊట! ఆ నీళ్లు ముక్కలోవే. కణం పొర నీటిని దాటనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా దాటనివ్వదు. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు బయటికి నడుస్తుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. బళ్లో కిస్‌మిస్‌లు నానబెట్టి నేర్పుతారు గానీ, జాడీ మూత తీసి చూపిస్తే సరిపోయేది.

మన నెత్తురు ఉప్పదనం లీటరుకు 9 గ్రాముల ఉప్పుతో సమానం. మామూలు సముద్రపు నీటిలో దాదాపు 35. ఈదేవాడు నిమిషానికి 20 సార్లు గాలి కోసం నోరు తెరిచాడనుకుందాం. ఎనిమిది గంటల్లో 9,600 సార్లు! నాలుక పైపొర కణాలు నీరు వదిలి ముడుచుకుంటాయి, పొర లేస్తుంది. ఆవకాయ పోలిక ఇక్కడితో సరి. ముక్కలో ప్రాణం లేదు, నాలుకలో ఉంది. దెబ్బతిన్న చోటికి శరీరం నెత్తురు, నీరు పంపుతుంది. అందుకే ముడుచుకోవాల్సిన నాలుక వాస్తుంది, గొంతూ వాస్తుంది.

నీళ్లలో వేళ్లు ముడతలు పడటం మాత్రం ఈ లెక్కలోకి రాదు. నాకు బళ్లో తప్పు చెప్పారు, నేనూ కొన్నేళ్లు పిల్లలకు అదే చెప్పాను. వేలికి వెళ్లే నరం తెగితే ఎంత నానినా ఆ వేలు ముడత పడదు. నరాలు రక్తనాళాలను బిగించడం వల్ల వచ్చే ముడతలవి.

చుట్టూ ఇన్ని నీళ్లుండగా వెంట వచ్చే పడవలో మంచినీళ్లెందుకు? మూత్రపిండాలు లీటరు మూత్రంలో మహా అయితే 20 గ్రాముల ఉప్పు పంపగలవు. లీటరు సముద్రపు నీటిలోని 35 గ్రాములు పోవాలంటే లీటరు ముప్పావు మూత్రం కావాలి. అంటే లీటరు తాగితే ముప్పావు లీటరు ఎదురు నష్టం. పడవను ముట్టుకోకూడదన్నది ఈ ఈతలో నియమం. తాడుకి కట్టిన సీసా విసురుతారు. అరగంటకోసారి తాగే ముందు పుక్కిలించండి. ఇంగ్లిష్ ఛానల్ ఈదేవాళ్లు ఇందుకు మౌత్‌వాష్ కూడా వాడతారు. చంకల్లో, మెడ దగ్గర వాసెలిన్ రాయడం ఒరుసుకుపోకుండా ఉండటానికే. దానితో వెచ్చదనం రాదు.

మన తీరంలో ఉప్పు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లు తీరం వెంట సన్నటి పట్టీలా దక్షిణానికి సాగుతాయి. జాలర్లు సీసాల్లో పట్టి తెచ్చిన నమూనాలతో శాస్త్రవేత్తలు దీన్ని గమనించి 2014లో 'సముద్రంలో నది' అన్నారు. ఉప్పు లీటరుకు 10 గ్రాముల మేర తగ్గుతుంది. గ్రాము ఉప్పు తగ్గితే లీటరు నీటి బరువు ముప్పావు గ్రాము తగ్గుతుంది. 70 లీటర్ల ఒంటికి లెక్క కడితే అర కిలో తేలే బలం పోయినట్టే. నాలుకకు హాయి, నడుముకు బరువు.

పైగా ఆ నెలల్లో ప్రవాహం కాకినాడ వైపు. 52 ఏళ్ల గోలి శ్యామల 2024 డిసెంబర్ చివర్లో విశాఖలో దిగి, రోజుకింత చొప్పున దాదాపు 150 కిలోమీటర్లు ఈది కొత్త సంవత్సరం మొదటి వారంలో కాకినాడ చేరింది కూడా ఆ దిక్కుకే. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రవాహం భీమిలి వైపు తిరుగుతుంది. గంటకు 3 కిలోమీటర్లు ఈదేవాడికి గంటకు కిలోమీటరు ప్రవాహం తోడైతే పాతిక కిలోమీటర్లు ఆరుంపావు గంటలు. ఎదురైతే పన్నెండున్నర! పున్నమికో అమావాస్యకో దిగితే మంచిదని మీ అమ్మమ్మ అనొచ్చు. పోటుపాట్ల తేడా ఎక్కువగా ఉండే రోజులవి, వద్దు.

నవంబర్‌లో భీమిలిలో దిగి ఆర్కే బీచ్‌కి రావచ్చు కదా అంటారా? నాలుక ఒప్పుకుంటుంది. కానీ హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న మన మీద పడింది. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. మే నెలలో నీరు 30 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది, ఒంట్లో పుట్టిన వేడి పోదు. ఫిబ్రవరిలోనే దిగండి. ఉప్పు ఎక్కువే ఉంటుంది, పుక్కిలించడానికి రెండు సీసాలు అదనంగా పెట్టించుకోండి. ఆ రాత్రికి చారు వద్దు, పెరుగన్నం చాలు.