"గుర్తు"కి ఇంగ్లిష్‌లో ఒక్క మాట చాలదు: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్ వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షలకి చదివే నర్సులు. ప్రతి బ్యాచ్‌లోనూ రిమెంబర్ అనే మాట దగ్గర రెండు రోజులు ఆగిపోతాను. "చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాటే కదా మేడమ్" అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గుర్తుపట్టినా, గుర్తుచేసినా, గుర్తుపెట్టుకున్నా అన్నిటికీ రిమెంబరే.

వాస్తవం: తెలుగులో "గుర్తు" అలాగే ఉండి పక్కన క్రియ మారుతుంది. ఇంగ్లిష్‌లో అసలు మాటే మారిపోతుంది. గుర్తుచేయడం రిమైండ్, గుర్తుపట్టడం రికగ్నైజ్, కంఠతా పట్టడం మెమొరైజ్. "రేపు నాకు గుర్తుచెయ్యి" అనబోయి "రిమెంబర్ మీ టుమారో" అంటే, వినేవాళ్లకి "రేపు నన్ను తలుచుకో" అన్నట్టు వినిపిస్తుంది. గడ్డం పెంచిన పాత క్లాస్‌మేట్ పెళ్లిలో ఎదురుపడితే రికగ్నైజ్ చేయలేకపోవచ్చు, పేరు చెప్పగానే మాత్రం రిమెంబర్ చేస్తాం.

అపోహ: రిమెంబర్ తర్వాత "టు" పెట్టినా "ఇంగ్" పెట్టినా ఒకటే.

వాస్తవం: నాకు అసలు టెన్షన్ ఇక్కడే. ఒకసారి క్లాసులో డ్యూటీ మారేటప్పుడు చెప్పే హ్యాండోవర్ ప్రాక్టీస్ చేయిస్తుంటే, ఒకమ్మాయి "ఐ రిమెంబర్ టు గివ్ ది ఇంజెక్షన్" అంది. ఇంజెక్షన్ ఇచ్చేశాను, బాగా గుర్తుంది అని ఆమె ఉద్దేశం. ఎదురుగా నైట్ డ్యూటీ నర్సుగా కూర్చున్న అమ్మాయి మాత్రం ఇంకా ఇవ్వలేదనుకుని, "ఇంజెక్షన్ ఇవ్వాలి" అని తన కాగితం మీద రాసుకుంది. క్లాసు కాబట్టి సరిపోయింది, వార్డులో అయితే ఆ పేషెంట్‌కి రెండోసారి పడేది.

ఆ అమ్మాయి అన్న "ఐ రిమెంబర్ టు గివ్" వింటే ఇచ్చేసినట్టు తేలదు. "ఐ రిమెంబర్ గివింగ్" అంటే ఇచ్చాను, ఇచ్చిన సంగతి గుర్తుంది. "ఐ రిమెంబర్డ్ టు గివ్" అంటే మర్చిపోకుండా ఇచ్చాను. ఈ రెండోదాంట్లో పని జరిగిపోయిందన్న అర్థం కూడా కలిసే ఉంటుంది, మనవాళ్లకి పట్టుబడనిది అదే. తెలుగులో "గ్యాస్ కట్టేయాలని గుర్తుంది, కానీ కట్టలేదు" అని నిక్షేపంగా అనొచ్చు. ఇంగ్లిష్‌లో "ఐ రిమెంబర్డ్ టు టర్న్ ఆఫ్ ది గ్యాస్" అనేసి పక్కనే "బట్ ఐ డిడ్‌న్ట్" అంటే కుదరదు, ముందు చెప్పినదాన్ని మనమే కొట్టేసినట్టవుతుంది. గుర్తుండి కూడా చేయలేదని చెప్పాలంటే "ఐ రిమెంబర్డ్ దట్ ఐ హ్యాడ్ టు" అని మొదలుపెట్టాలి. హ్యాండోవర్‌లో అయితే రిమెంబర్ జోలికే వెళ్లొద్దంటాను, "ఐ గేవ్ ఇట్ ఎట్ ఎయిట్" అని టైమ్‌తో సహా చెబితే గొడవే ఉండదు.

"ఐ డోన్ట్ రిమెంబర్ సేయింగ్ దట్" కూడా అంతే. నేను అనలేదు అని దానికి అర్థం కాదు, అన్నట్టు గుర్తులేదు అని మాత్రమే. నిజంగా అనకపోతే "ఐ డిడ్‌న్ట్ సే దట్" అని సూటిగా చెప్పండి.

అపోహ: ఇంటి మీద బెంగపడి "అమ్మ గుర్తొస్తోంది" అనాలంటే "ఐ యామ్ రిమెంబరింగ్ మై మదర్" అనాలి.

వాస్తవం: దయచేసి అనకండి. అలా అంటే అమ్మ చనిపోయారేమోనని అవతలివాళ్లు ఓదార్చబోతారు. పోయినవాళ్లని స్మరించుకునేటప్పుడు వాడే తీరు అది. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన నవంబర్ 11ని బ్రిటన్‌లో రిమెంబ్రెన్స్ డే అంటారు, ఎర్రటి పాపీ పువ్వు గుండెల మీద పెట్టుకుని ఉదయం పదకొండింటికి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. అమ్మ మీద బెంగకి "ఐ మిస్ మై మదర్" అనాలి.

అపోహ: "రీ" అంటే మళ్లీ, "మెంబర్" అంటే అవయవం, కాబట్టి రిమెంబర్ అంటే విడిపోయిన ముక్కల్ని మళ్లీ కలపడం.

వాస్తవం: వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. రిమెంబర్ వచ్చింది జ్ఞాపకం ఉన్న అని అర్థమిచ్చే "మెమోర్" అనే లాటిన్ మాట నుంచి, పాత ఫ్రెంచ్ మీదుగా. అవయవానికి లాటిన్ మాట "మెంబ్రుమ్", అది వేరు.

ఇంకోటి, వయసులో పెద్దవాళ్ల నోట "రిమెంబర్ మీ టు యువర్ మదర్" అని వింటే కంగారుపడొద్దు. మనం "అమ్మని అడిగానని చెప్పు" అనడం లాంటిదే. వింటే చాలు, మీరు అనాలనుకుంటే "సే హలో టు యువర్ మదర్ ఫర్ మీ" అనండి, ఈ రోజుల్లో ఎక్కువగా అనేది అదే.