చెట్లు పచ్చగానే ఉంటాయి, జాతి పోతుంది

చిన్నూకీ, వాడి అక్కకీ, ప్రశ్న రాసి పంపిన మిగతా పిల్లలకీ,

"రెండు జాతులు కలిసి కొత్త మొక్క పుడితే మంచిదే కదా తాతయ్యా, అందులో ప్రమాదం ఏముంది?" అని అడిగారు. సగం నిజమే. గోధుమ అలా పుట్టిందే, మనం తినే అరటి రకాలు చాలా అలా వచ్చినవే, కాబట్టి సంకరం అనగానే టెన్షన్ పడక్కర్లేదు. చిక్కంతా లెక్కలో ఉంది. ఒక జాతివి పది చెట్లు మిగిలి, పక్కనే దాని దగ్గరి చుట్టాలు వేలల్లో ఉంటే, గాలి మోసుకొచ్చే పుప్పొడిలో సొంతవాళ్లది ఎంత ఉంటుంది? విత్తనాలు కాస్తాయి, మొలకలు వస్తాయి, కొండ పచ్చగానే ఉంటుంది, కానీ ప్రతి తరంలోనూ పాత జాతి కొంచెం కొంచెం కరిగిపోతుంది. ఒకవేళ ఆ సంకర విత్తనం మొలకెత్తకపోయినా నష్టమే, ఎందుకంటే తల్లి చెట్టు పెట్టిన ఖర్చు వృథా.

కాలిఫోర్నియా పక్కన కాటలినా అనే దీవి ఉంది. అక్కడ ఒక చిన్న చెట్టుని మహాగనీ అని పిలుస్తారు, అసలు మహాగనీతో దానికి ఏ సంబంధమూ లేదు, అది గులాబీ కుటుంబం. 1897లో బ్లాంచ్ ట్రాస్క్ అనే ఆవిడ దాన్ని గుర్తించేటప్పటికే ఉన్నవి కొద్ది చెట్లు. మనుషులు తెచ్చి వదిలిన మేకలు, పందులు మొలకల్ని బతకనివ్వలేదు. చివరికి పెద్ద చెట్లు పది దాకా మిగిలాయి, అవీ అన్నీ ఒకే లోయలో. కంచె వేశారు, మొలకలు కనిపించాయి, అందరూ సంతోషించారు. 1989లో లోరెన్ రీస్‌బర్గ్ అనే మొక్కల శాస్త్రవేత్త బృందం పరీక్షించి చూస్తే, ఆ పెద్ద చెట్లలోనే కొన్ని అదే దీవిలో విరివిగా పెరిగే చుట్టం జాతితో కలిసి పుట్టినవని తేలింది.

ఆకు చూసి చెప్పలేమా? మొదటి తరమైతే కొంతవరకు చెప్పొచ్చు. ఆ సంకర మొక్క మళ్లీ అసలు జాతితో కలిసి, దాని పిల్ల మళ్లీ అసలు జాతితో కలిస్తే, ఆకు అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. అందుకే డీఎన్‌ఏ దగ్గరికి వెళ్లాలి. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాలు పదే పదే వస్తాయి, వాటిని మైక్రోశాటిలైట్లు అంటారు. ఉదాహరణకి ఒక జాతిలో ఆ ముక్క పన్నెండుసార్లు, చుట్టం జాతిలో పద్దెనిమిదిసార్లు వచ్చిందనుకోండి. నేరుగా రెంటికీ పుట్టిన మొక్కలో రెండు పొడవులూ కనిపిస్తాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మన ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ, బాస్మతిలో వేరే బియ్యం కల్తీ అయిందేమో కనిపెట్టే పరీక్షని ఇదే పద్ధతితో తయారుచేసింది, మీరు బిర్యానీ తినేటప్పుడు గుర్తుచేసుకోండి.

ఇక్కడ లెక్క సరదాగా ఉంటుంది, కాగితం తీసుకోండి. సంకర మొక్క అసలు జాతితో ఒకసారి కలిస్తే, ఆ పిల్ల డీఎన్‌ఏలో ఒక్కో చోట పరాయి గుర్తు ఉండే అవకాశం సగం. ఇంకోసారి కలిస్తే పావు. మీరు నాలుగు చోట్లే పరీక్షిస్తే, ఆ పావు మొక్క ఎక్కడా దొరక్కుండా తప్పించుకునే అవకాశం ముప్పావుని నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే దాదాపు మూడింట ఒక వంతు! ఇరవై చోట్ల చూస్తే వెయ్యికి మూడు. ఇలా పరీక్షించే చోట్లనే మార్కర్లు అంటారు. అందుకే "నాలుగు మార్కర్లతో స్వచ్ఛమని తేల్చాం" అంటే నేను నమ్మను. ఇంకొకటి, పూల మొక్కల్లో చాలావాటికి హరితరేణువు (ఆకుకి పచ్చదనం ఇచ్చే రేణువు) డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, దాన్ని కూడా చూస్తే కలిసినప్పుడు తల్లి ఏ జాతో తెలుస్తుంది. యూరప్‌లో నల్ల పోప్లార్ చెట్ల విషయంలో ముసలి చెట్టుని మాత్రమే కాదు, దాని విత్తనాల్నీ పరీక్షిస్తారు. చుట్టూ నాటిన సంకర పోప్లార్ల పుప్పొడి వచ్చి చేరిందా లేదా అన్నది చెప్పేది విత్తనమే.

మనకెందుకు అంటారేమో. చెరువుల్లో, గుంటల్లో మొలిచే అడవి వరి పక్క పొలం వరితో సులువుగా కలిసిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక అడవి వరి నమూనా నుంచే గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులుని తట్టుకునే గుణం ఐఆర్ 36 లాంటి వరి రకాలకి వచ్చింది. వేల నమూనాలు వెతికితే దొరికింది అది. అడవి వరి మొత్తం పొలం వరిలా మారిపోయాక అలాంటిది ఎక్కడ వెతుకుతాం?

సరే, సంకరమని తేలిన చెట్టుని నరికేయాలా? దీని మీద పెద్దవాళ్లే కొట్టుకుంటారు. నా మాట ఏమిటంటే, ఉన్నవి పది చెట్లే అయినప్పుడు, వేరే ఏ చెట్టులోనూ మిగలని పాత గుణం ఆ సంకరంలో దాక్కుని ఉండొచ్చు. ఉండనివ్వాలి, నర్సరీకి మాత్రం దాని విత్తనం తీసుకోకూడదు, స్వచ్ఛమైన చెట్ల పూలకి సంచులు కట్టి, వాటి మధ్యే చేత్తో పుప్పొడి పూయాలి. మీరు ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, అక్క తప్పకుండా ఒప్పుకోదని నాకు తెలుసు.

మీ తాతయ్య,
తార్నాక, హైదరాబాద్