ఎనిమిదా, తొమ్మిదా?

తిరుపతి

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మీరు నా గుట్టు ఒకటి పట్టేశారు. ఏ గుడికి వెళ్లినా దండం పెట్టుకోగానే గట్టిగా ఒక చప్పట్టు కొట్టి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెడతానట. "తాతయ్యకు చాదస్తం" అని మీలో ఒకరు గుసగుసలాడారు. అదీ విన్నాను. నలభై ఏళ్లు మైకు సెట్ల మధ్య బతికినవాడికి ఇంకా చెవులు పనిచేస్తున్నాయంటే అదే గొప్ప. ఆ లెక్క సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

మన తిరుపతికి దగ్గర్లోనే ఒక పెద్ద రాతి మండపం ఉంది. ఊరు పేరు వద్దులే. పొడవు 60 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 10. నేల, గోడలు, స్తంభాలు, కప్పు అంతా రాయే. అక్కడ నాదస్వరం మోగితే ఒళ్లు పులకరిస్తుంది, మైకు అక్కర్లేదు. భక్తులు "గోవిందా" అంటే మండపం మొత్తం తానూ పలుకుతుంది. కానీ మైకులో ఎవరైనా నాలుగు మాటలు చెప్పారా, ఒక్కటీ బోధపడదు. ఒక పండగనాడు "ప్రసాదం తొమ్మిది గంటలకు" అని ప్రకటించారు. సగం మంది ఎనిమిదికే వెళ్లి, చంటిపిల్లలను చంకనేసుకుని గంటసేపు వరుసలో నిలబడ్డారు. తిట్లు తిన్నది కౌంటరులో ఉన్నవాళ్లు. తప్పు మాత్రం నాది, ఆ మైకు సెట్ పెట్టింది నేనే.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, వేదికకు అటొకటి ఇటొకటి రెండు పెద్ద బాక్సులు నిలబెట్టి, వెనకవాళ్లు వినపడలేదన్నప్పుడల్లా వాల్యూమ్ పెంచడం. ముందు కూర్చున్నవాళ్లు చెవులు మూసుకున్నారు, వెనక గందరగోళం రెట్టింపైంది. అక్కడ శబ్దం చాలకపోవడం కాదు, మరీ ఎక్కువై, బయటికి పోయే దారి లేకపోవడం జబ్బు. ఇది తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఖాళీ మండపంలో చప్పట్టు కొట్టి లెక్కపెడితే దాని మోత అణగడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. మనిషి సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాడు. అంటే మొదటి అక్షరం చావకముందే ముప్పై పైచిలుకు అక్షరాలు దాని మీద వచ్చి పడతాయి. పైగా మన తెలుగు అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అచ్చులకు బలమెక్కువ, హల్లులు సన్నవి. ముందు మాట చివరి అచ్చు గాలిలో మోగుతూ తర్వాతి మాట మొదటి హల్లును మింగేస్తుంది. ఎనిమిది, తొమ్మిది రెంటికీ తోక "మిది". తల పోయి తోక మిగిలితే ఎవరికి ఏ అంకె కావాలో అదే వినిపిస్తుంది!

ఈ మోతకు లెక్క కట్టినవాడు అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సబీన్. 1895లో ఒక ఉపన్యాసశాలలో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదంటే దాన్ని బాగుచేసే పని ఆయనకు అప్పగించారు. రాత్రిపూట పక్క థియేటరు నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, హాల్లో పరిచి, ఆర్గాన్ అనే చర్చి వాద్యపు గొట్టం ఊది, ఎన్ని దిండ్లకు మోత ఎంత తగ్గుతుందో గడియారంతో కొలిచాడు. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగిస్తే ఎన్ని సెకన్లో వస్తుంది. మన మండపం 12,000 ఘనపు మీటర్లు. రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటుందనుకోండి, ద్వారాలూ కిటికీలూ కలుపుకుంటే మొత్తం 240 చదరపు మీటర్లు. భాగించి చూడండి, ఎనిమిది వస్తుంది. ఇప్పుడు వెయ్యి మందిని కూర్చోబెట్టండి. మనిషికి 0.4 చొప్పున ఇంకో 400 కలుస్తుంది, మోత మూడు సెకన్లకు దిగుతుంది. ఎంత ఖరీదైన పరికరమూ భక్తులు చేసినంత మేలు చేయలేదు. కానీ మూడు సెకన్లు కూడా మాటకు ఎక్కువే. పోనీ గోడలకు దూది పలకలు అంటించుదామా అంటే, శిల్పాల మీద మేకు కొట్టనిచ్చేది ఎవరు? కొట్టకూడదు కూడా.

కాబట్టి శబ్దాన్ని రాతికి తగలకుండా మనిషికి తగిలేలా పంపాలి. ఆ రెండు బాక్సులు తీసేసి, స్తంభాలకు పట్టీలతో సన్నని కాలమ్ స్పీకర్లు కట్టాను. చిన్న స్పీకర్లను ఒకదాని మీద ఒకటి పేర్చిన నిలువు పెట్టె అది. నీళ్ల గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు పలచటి రేకులా పరుచుకుంటాయి చూడండి, దాని శబ్దం అలా పక్కలకు పరుచుకుంటుంది, కప్పు మీదికి పెద్దగా ఎక్కదు. దగ్గర ఉంది కనుక మెల్లగా మోగితే చాలు. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత అది) పడిపోతుంది, మోత మాత్రం మండపమంతా ఒకేలా ఉంటుంది. అందుకే దగ్గరితనం అంత ముఖ్యం. గుమ్మని మోగే మంద్రస్వరాలను రాయీ పీల్చదు, మనుషులూ అంతంతమాత్రమే, అందుకని వాటిని మైకు శబ్దాన్ని సరిచేసే మిక్సర్‌లోనే కోసేశాను. గొంతు గంభీరంగా లేదని పెద్దలు కొందరు అలిగారు. అలగనీ అనుకున్నాను.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తీగలో కరెంటు క్షణంలో వెళ్తుంది, గాలిలో శబ్దం సెకనుకు 345 మీటర్లే నడుస్తుంది. వేదిక నుంచి 40 మీటర్ల అవతలి స్పీకరు, వేదిక దగ్గరి శబ్దం అక్కడికి చేరేలోపు 116 మిల్లీసెకన్ల ముందే పలికేస్తుంది. ఒకే మాట రెండుసార్లు! కనుక వెనకదాన్ని ఆ మేరకు ఆపాలి, ఇంకో పది పదిహేను కలిపి ఆపితే మరీ మంచిది. ముందు ఏ దిక్కు నుంచి వినపడితే మాట అటు నుంచే వచ్చిందని చెవి నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు దీన్ని కొలిచి చూపించాడు. పక్కనున్న స్తంభం మాట్లాడుతున్నా, అర్చకులే మాట్లాడినట్టు ఉంటుంది. మన ఎండాకాలం వేడికి శబ్దం కాస్త వేగం పుంజుకుంటుంది కానీ, 40 మీటర్లకు తేడా మూడు నాలుగు మిల్లీసెకన్లే, ఆ పదిహేనులో కలిసిపోతుంది. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో 1950ల మొదట్లోనే, కంప్యూటర్లు లేని రోజుల్లో, తిరిగే అయస్కాంత చక్రం మీద మాటను రికార్డు చేసి, కొంచెం ఆలస్యంగా చదివించి ఈ పని సాధించారు. నాకైతే శబ్దాన్ని ఆలస్యం చేసే పెట్టెలో అంకె నొక్కితే సరిపోయింది.

ఇక మైకు కూత. మైకును నోటికి జానెడు దూరంలో పెట్టుకోమని బతిమాలతాను, మూరెడు దూరంలో పెట్టుకుంటారు. వాల్యూమ్ పెంచక తప్పదు, పెంచితే కూస్తుంది. దానికి మందు కనిపెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

కొత్త అమరికలో మొదటి ప్రకటన రోజున చివరి స్తంభం దగ్గర నిలబడ్డాను. "తొమ్మిది" అని స్పష్టంగా వినిపించింది. పక్కనున్న పెద్దావిడ "తొమ్మిదేనా?" అని నన్ను అడిగింది. నా గుండె జారిపోయింది. అయితే ఆమెకు నా కంటే ముందే చెవుడు వచ్చిందని తర్వాత తెలిసింది.

తూర్పు ద్వారం మూల ఒక్కటే ఇంకా కుదరలేదు. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు టేపూ, ఓ పాతిక బెలూన్లూ తెచ్చుకోండి. తెల్లవారుజామున తలుపులు తీయిస్తాను, మీరు మూలమూలకూ వెళ్లి పగలగొట్టండి, నేను లెక్కపెడతాను.

మీ
తాతయ్య