ఏడున్నరకు ఎన్ని కిటికీలు వెలుగుతాయి? శివారు కాలనీల మీద అపోహలు, వాస్తవాలు

నా బల్ల మీద ఎప్పుడు చూసినా నాలుగైదు రంగుల బ్రోచర్లు పడి ఉంటాయి. ఇంటి ప్లాను గీయించుకోవడానికి వచ్చినవాళ్లు వదిలి వెళ్లినవి. అన్నింటిలోనూ ఒకే కుటుంబం కనిపిస్తుంది. తెల్ల చొక్కా తండ్రి, ఉయ్యాల ఊపే తల్లి, ఒక బాబు, ఒక పాప, పచ్చిక మీద పరుగులు పెట్టే కుక్కపిల్ల. అనంతపురంలో అంత పచ్చిక ఎక్కడ ఉందో ఇరవై రెండేళ్లుగా ఇక్కడే సివిల్ ఇంజనీరుగా పని చేస్తున్న నాకు ఇంతవరకు కనబడలేదు.

మొన్న భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరూ ఉపాధ్యాయులే. బైపాస్‌కు అవతల మూడు సెంట్ల ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోతున్నారు. "ఆదివారం పొద్దున వెళ్లి చూసి వచ్చాము సార్. చాలా ప్రశాంతంగా ఉంది, పిల్లలకు బాగుంటుంది" అన్నారామె. "రాత్రి ఏడున్నరకు వెళ్లి చూశారమ్మా?" అని అడిగాను. చూడలేదు. ఎవరూ చూడరు. ఆ రోజు వాళ్లకు గంటసేపు చెప్పిన మాటలనే ఇక్కడ కాస్త వరస పెట్టి రాస్తున్నాను.

అపోహ: ప్రహరీ, గేటు, వాచ్‌మన్ ఉంటే పిల్లలకు భద్రం

గేటు మంచిదే, కాదనను. కానీ మన శివారు వెంచర్ల అసలు జబ్బు గేటు లేకపోవడం కాదు, మనుషులు లేకపోవడం. నేను పని చేసిన ఒక లేఅవుట్‌లో 124 ప్లాట్లు. ఆరేళ్లలో ఒక్కటి కూడా మిగలకుండా అమ్ముడుపోయాయి. లేచిన ఇళ్లు మాత్రం పదిహేడు. మిగతావన్నీ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన భూమి ధర పెరిగితే చాలనుకున్నవాళ్లవి. వాళ్లను తప్పు పట్టలేం, వాళ్ల డబ్బు వాళ్లిష్టం. దాని ఫలితం అనుభవించేది మాత్రం ముందుగా వచ్చి ఇల్లు కట్టుకున్న ఆ పదిహేడు సంసారాలు.

రెండు వానలు పడితే చాలు, ఖాళీ ప్లాటులో సర్కారు తుమ్మ లేస్తుంది. మూడో ఏటికి అది మనిషి ఎత్తు దాటుతుంది. కంపలో పాములు, పందులు, ఎవరో తాగి పారేసిన సీసాలు. వీధి దీపం స్తంభం ఉంటుంది, దానికి దీపం ఉండదు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పదకొండు ప్లాట్ల చీకటి. ట్యూషన్ ముగించుకుని వచ్చే పిల్ల ఆ చీకట్లోనే సైకిలు తొక్కాలి. గేటు దగ్గర కూర్చున్న ముసలి వాచ్‌మన్‌కు నాలుగో వీధిలో పిల్ల కేక వేస్తే వినిపిస్తుందా?

నా లెక్క మోటుగా ఉంటుంది. మీరు కొనబోయే ప్లాటు దగ్గర రాత్రి ఏడున్నరకు నిలబడండి. కేక వేస్తే వినిపించే దూరంలో కనీసం నాలుగు వెలిగే కిటికీలు ఉండాలి. పగలు వెళ్తే వేరే గుర్తులున్నాయి. గడప ముందు ముగ్గు, తీగ మీద ఆరవేసిన స్కూలు యూనిఫారాలు, అన్నింటికంటే ముఖ్యంగా ఇస్త్రీ బండి. బండి వచ్చి నిలబడిందంటే అక్కడ ముప్పై నలభై సంసారాలైనా కుదురుకున్నట్టే. పొట్టకూటి లెక్క కాబట్టి అతని అంచనా తప్పదు.

ఆ ఉపాధ్యాయ దంపతులు ఆ రాత్రే వెళ్లారు. తొమ్మిదింటికి ఫోను వచ్చింది. "ఏడు సార్. అందులో ఒకటి వాచ్‌మన్ గది."

అపోహ: అనంతపురంలో వానలే లేవు, మునక భయమెందుకు?

ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఊరు మనది, నిజమే. కానీ ఆ వాన ఏడాది పొడవునా సర్దుకుని పడదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగు రోజుల్లోనే చాలా భాగం కురిసి పోతుంది. 2022 అక్టోబరులో నడిమి వంక అనే వాగు పొంగినప్పుడు ఊళ్లో పల్లపు కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. జనం బియ్యం మూటలు, పిల్లల పుస్తకాలు మిద్దె మీదకు మోసుకున్నారు. కర్నూలువాళ్లకు 2009 అక్టోబరు గుర్తుంటుంది, తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకి వచ్చాయి. కడపవాళ్లకు బుగ్గ వంక ఉంది. సీమలో నీళ్లు లేని ఊరు ఉండవచ్చు గానీ వంక లేని ఊరు లేదు.

వంక ఎండిపోయి పదేళ్లయితే దాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తారు. కాగితం మీద మాత్రం అది చావదు. గ్రామ నక్షాలోనూ, సర్వే నంబరు ఎఫ్‌ఎంబీలోనూ, అంటే పొలం కొలతల పుస్తకంలోనూ, గీత అలాగే ఉంటుంది. ప్లాటు కొనేముందు ఆ రెండూ తెచ్చుకుని, లేఅవుట్ ప్లాను పక్కన పెట్టుకుని చూడండి. చెరువు కట్టకు దిగువన పాత ఆయకట్టులో వేసిన లేఅవుట్ అయితే రెండుసార్లు ఆలోచించండి. మెయిన్ రోడ్డు కింద కల్వర్టు ఉంటే దిగి చూడండి. అటువైపు నుంచి వచ్చే నీరు ఇటువైపు ఎక్కడికి పోవాలి? ఇటు ప్రహరీ గోడ అడ్డంగా ఉంటే జవాబు దొరికినట్టే.

కాగితాలు చదవడం రాకపోతే గొర్రెల కాపరిని అడగండి. రాప్తాడు వైపు ఒక స్థలానికి నేను లెవెల్ పరికరం పెట్టి గంటసేపు రీడింగులు తీసుకుంటుంటే ఒక పెద్దాయన చేతికర్ర ఆనించుకుని చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఉండబట్టలేక, "ఆ మూల గొర్రెలు పడుకోవు సామీ, చెమ్మ" అన్నాడు. నా రీడింగులూ ఆ మూలనే పల్లమని చెప్పాయి.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మా ఇల్లు కట్టుకునేటప్పుడు బేస్‌మెంటు ఎత్తును అప్పటి మట్టి రోడ్డు నుంచి రెండడుగులు లెక్క వేశాను. తర్వాత కంకర వేశారు, దాని మీద సిమెంటు రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద ఇంకో పొర. ఇప్పుడు నా రెండడుగుల్లో మిగిలింది ఏడంగుళాలు. గట్టి వాన పడితే వీధి నీళ్లు వరండా మెట్టు దగ్గరకు వచ్చి నిలబడతాయి. ఊరందరికీ ప్లాన్లు గీసే మనిషి ఇల్లు ఇలా ఉందని మా ఆవిడ ఏ బంధువు వచ్చినా చెప్పకుండా ఉండదు. కాబట్టి ఎత్తును ఇప్పటి రోడ్డుతో కాదు, రాబోయే రోడ్డుతో లెక్కించండి. మట్టి రోడ్డుంటే మూడున్నర అడుగులకు తగ్గకండి.

అపోహ: బోరు పడింది కాబట్టి నీళ్లకు ఢోకా లేదు

ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయని అందరూ అడుగుతారు. ఆ నీళ్లలో ఏముందని పదిమందిలో ఒకరు అడుగుతారు. మన జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య. తాగునీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల విషయంలో ఇది ముఖ్యం. శాశ్వత దంతాలు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లు నిండే లోపల, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడి అలాగే ఉండిపోతాయి.

"మేము కాచి తాగుతాము సార్" అంటారు చాలామంది. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. ఆర్వో మిషను తీసేస్తుంది, కానీ ఒక బిందె మంచినీళ్లకు రెండు మూడు బిందెలు బయటికి వదులుతుంది. ఆ గొట్టాన్ని మోరీలోకి వదిలిన ఇళ్లే ఎక్కువ. కనీసం బకెట్టులో పట్టి బండలు కడగడానికైనా వాడుకోవచ్చు.

అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ కాలనీకి మంచినీటి పైపులైను వచ్చిందా, లేక "త్వరలో" వస్తుందా? అనంతపురం నగరానికి నీళ్లు పెన్నహోబిలం జలాశయం నుంచి వస్తాయి. కార్పొరేషన్ హద్దు ఈ వీధితో ఆగిపోతే పక్క వీధి పంచాయతీ కింద ఉంటుంది. ఒకే రోడ్డుకు అటువైపు కుళాయి, ఇటువైపు ట్యాంకరు. "త్వరలో" అన్న మాట మీద ప్లాటు కొని తొమ్మిదేళ్లుగా ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు నేను ఇల్లు కట్టి ఇచ్చాను.

ఇంకుడు గుంతను ప్లానులో గీయడం, కట్టకుండా వదిలేయడం రివాజైపోయింది. అందుకే నేను లెక్క వేసి చూపిస్తాను. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. దాని మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 51 వేల లీటర్లు. అయిదో వంతు వృథా పోయినా 40 వేలు మిగులుతాయి. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. మీ మిద్దె మీద పడిన నీళ్లను మోరీలోకి పంపి, వేసవిలో అవే ఎనిమిది ట్యాంకర్లు డబ్బు పెట్టి కొంటున్నారన్నమాట. ట్యాంకరు రేటు నేను చెప్పనక్కరలేదు, ఇంట్లో ఆడవాళ్లకు నోటికి వచ్చు.

అపోహ: అప్రూవ్డ్ లేఅవుట్ అంటే అన్నీ సరిగా ఉన్నట్టే

ముందు ఏ అప్రూవల్ అని అడగండి. పంచాయతీ తీర్మానం ఒక్కటే చూపిస్తే చాలదు. మన దగ్గర అయితే అహుడా అనే అనంతపురం, హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన లేఅవుట్ నంబరు ఉండాలి. 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు అమ్మకానికి పెట్టాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే ఎన్నో ఇళ్లలో నగలు తాకట్టుకు పోయి ఉండేవి కావు.

లేఅవుట్‌లో పది శాతం స్థలం ఖాళీగా వదలాలన్నది నియమం. బ్రోచరులో పార్కు అని రాసేది దాన్నే. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని కూడా గిఫ్టు డీడు రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ డీడు నకలు అడిగి తీసుకోండి. డీడు లేని పార్కులో కొన్నేళ్లకు ఏదో ఒకటి లేస్తుంది. ఒక్కోసారి గుడి లేస్తుంది, అప్పుడిక ఎవరూ నోరెత్తలేరు. ప్లానులో 40 అడుగులని రాసిన రోడ్డును టేపు పట్టి కొలవండి. 33 వచ్చిన చోట్లు చూశాను. పనులు పూర్తి చేస్తానన్న హామీకి వెంచరువాళ్లు కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చిన సంస్థ పేరిట తనఖా పెడతారు. మీరు కొనేది అందులోది కాదని నంబరు సరిపోల్చుకోండి. చివరిగా, రిజిస్ట్రేషన్ అయిందంటే హక్కు ఖాయమైనట్టు కాదు. ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, రిజిస్టరు చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా, ఇవన్నీ వకీలుకు చూపించండి. అది నా పని కాదు, చెప్పకుండా వదిలేయలేక చెబుతున్నాను.

అపోహ: ఊరికి పది నిమిషాలే

ఎవరి పది నిమిషాలు? పదకొండు గంటలప్పుడు మోటారు సైకిలు మీద ఒంటరిగా వచ్చిన మగవాడివి. ఆయనకు బీపీ మాత్రల కోసం వెళ్లే అత్తగారితో, ఆరింటికి స్కూలు బస్సు కోసం నిలబడే పిల్లాడితో పని లేదు. బైపాస్ దాటాల్సి వస్తే అండర్‌పాస్ ఎక్కడుందో చూడండి. అది కిలోమీటరు దూరంలో ఉంటే పిల్లలు డివైడరు సందులోంచే దాటుతారు, మీరెన్ని చెప్పినా సరే. రాత్రి తొమ్మిది తర్వాత క్లాక్‌టవర్ దగ్గర ఆటో ఎక్కి ఆ కాలనీ పేరు చెప్పి చూడండి. డ్రైవరు ఒప్పుకుంటాడా, "రిటర్ను గిరాకీ ఉండదు సార్" అంటాడా? అదే మీ అసలు దూరం.

అపోహ: అందరూ మనవాళ్లే ఉంటే గొడవలుండవు

ఈ మాట గొంతు తగ్గించి అడుగుతారు, కాబట్టి నేను గొంతు పెంచి చెబుతాను. ప్రహరీ మీద అరడుగు కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములకు ఇద్దరికీ నేనే కొలతలు తీశాను. కాలనీలో గొడవలు వచ్చేది మోరీ నీళ్లు ఎటు పోవాలి, చెత్త ఎక్కడ వేయాలి, మోటారు ఎవరు ఎంతసేపు వేయాలి అన్న చోట. వీటికి కులం లేదు. నెలకు ఇంత అని వసూలు చేసి, రసీదు ఇచ్చి, ఉగాదికి లెక్క చదివి వినిపించే సంఘం ఉంటే గొడవలు తగ్గుతాయి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోవడం పెద్ద పనేమీ కాదు. ఖాళీ ప్లాట్లవాళ్లను కూడా సభ్యులుగా చేర్చుకుని, ఏడాదికి ఒకసారి కంప కొట్టించే ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేయండి. ఫోను చేసి మర్యాదగా అడిగితే సగం మంది ఇస్తారు.

అపోహ: పార్కు ఉంటే పిల్లలు అక్కడే ఆడుకుంటారు

మా కాలనీ పార్కులో ఇనుప జారుడుబల్ల ఉంది. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి దాని మీద చెయ్యి పెట్టి చూడండి. పచ్చిక మొదటి వేసవికే పోయింది, ఇప్పుడు ఎర్ర మట్టే. పిల్లలు ఆడేది మా వీధి చివర, ఖాళీ ప్లాటు అంచున ఉన్న పెద్ద కానుగ చెట్టు కింద. వికెట్లు దాని మొదలు మీదే సుద్దతో గీస్తారు. ముసలివాళ్లకు అక్కడే ఒక నాపరాయి బండ వేయించాము. కొత్త లేఅవుట్ చూడబోయినప్పుడు నేను మొదట వెతికేది చెట్లనే. బుల్డోజరు తోలి నున్నగా చదును చేసిన వెంచరులో పిల్లలకు నీడ దొరకాలంటే పదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు.

ఆ కానుగ చెట్టున్న ప్లాటు కిందటి నెల అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు ప్లాను కోసం నా దగ్గరికే వచ్చారు. చెట్టు బయట ఉండేలా ఆ మూల ప్రహరీని నాలుగడుగులు లోపలికి జరిపి గీసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "మా నాన్నగారిని అడిగి చెబుతాను సార్" అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.