ప్రజాస్వామ్యం ఎలా ఉందో ఎవరిని అడగాలి?

2021 మార్చిలో కొద్ది రోజుల తేడాతో రెండు నివేదికలు వెలువడ్డాయి. అమెరికాకు చెందిన ఫ్రీడమ్ హౌస్ భారతదేశానికి 100కి 67 మార్కులు వేసి, స్వేచ్ఛాయుత దేశాల వరుస నుంచి పాక్షిక స్వేచ్ఛ మాత్రమే ఉన్న దేశాల వరుసలోకి దించింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే వి-డెమ్ సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసి, మన దేశాన్ని ‘ఎన్నికల నిరంకుశ వ్యవస్థ’ల, అంటే ఎన్నికలు జరుగుతున్నా ప్రజాస్వామ్య లక్షణాలు కొరవడిన దేశాల, కోవలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం ఫ్రీడమ్ హౌస్ నివేదికను అంశాలవారీగా ఖండించింది. కొందరు తమకు తామే ప్రపంచానికి సంరక్షకులుగా నియమించుకున్నారని విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ విమర్శించారు. ఆ మార్కులు సరైనవా కావా అన్న వాదన నేటికీ ఏటా నివేదికలు వచ్చిన ప్రతిసారీ తిరగబెడుతూనే ఉంది. ఆ మార్కులు ఎలా పుట్టాయి, వాటికి భిన్నమైన కొలత మన దేశంలోనే అరవై ఏళ్లుగా ఎలా పెరిగింది, ఇప్పుడు ఆ కొలతకే ఏ ఇబ్బందులు వచ్చిపడుతున్నాయి అన్న సంగతులు మాత్రం ఈ వాదనలో పెద్దగా వినిపించవు.

దేశాలకు మార్కులు వేసే పని చాలా చిన్న ఏర్పాటుగా మొదలైంది. 1941లో న్యూయార్క్‌లో ఏర్పడిన ఫ్రీడమ్ హౌస్ తరఫున రేమండ్ గాస్టిల్ 1972 నుంచి ఏటా ప్రతి దేశానికీ రాజకీయ హక్కులకు ఒకటి, పౌర స్వేచ్ఛకు ఒకటి చొప్పున రెండు అంకెలు కేటాయించేవారు. చాలా ఏళ్లపాటు ఆ పని దాదాపు ఆయన ఒక్కరి చేతి మీదుగానే సాగింది. ఎమర్జెన్సీ కాలంలో ఆ సంస్థ భారత్‌ను పాక్షిక స్వేచ్ఛ స్థాయికి దించింది. 1977 తర్వాత మళ్లీ పైకి చేర్చింది. 1990 దశకంలోనూ కొన్నేళ్లు దించి ఉంచింది. అంటే 2021 నాటి నిర్ణయం మన విషయంలో మొదటిది కాదు.

2014లో మొదలైన వి-డెమ్ పద్ధతి ఇంతకంటే చాలా శ్రమతో కూడుకున్నది. ఒక్కో దేశం గురించి వందలాది ప్రశ్నలు తయారుచేసి, ఆ దేశాన్ని ఎరిగిన నిపుణులు అనేకమంది చేత విడివిడిగా జవాబులు రాయిస్తారు. ఒకే జవాబు పత్రానికి ఒక మాస్టారు 60 వేస్తే మరొకరు 75 వేసినట్టే, నిపుణుల్లోనూ చేతి బిగువు ఉన్నవారూ ఉదారంగా వేసేవారూ ఉంటారు కనుక, ఊహాజనితమైన దేశాల వర్ణనలు కొన్ని ఇచ్చి వాటికీ మార్కులు వేయమంటారు. అక్కడ ఎవరు ఎంత గట్టిగా వేశారో చూసి, గణాంక నమూనా సాయంతో అసలు మార్కులను సరిచేస్తారు. ఇంత కసరత్తు చేసినా, చివరికి అది నిపుణుల అభిప్రాయమే.

విమర్శ కూడా అక్కడే మొదలవుతుంది. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి సభ్యుడు సంజీవ్ సన్యాల్, ఆకాంక్ష అరోరాతో కలిసి 2022 నవంబరులో ప్రచురించిన పత్రంలో, గుర్తు తెలియని కొద్దిమంది నిపుణుల అభిప్రాయాలతో దేశాన్ని ఎమర్జెన్సీ నాటి స్థాయికి దించడం ఎంతవరకు సమంజసమని ప్రశ్నించారు. ఇది ప్రభుత్వ పక్షం మాట మాత్రమే అని తోసిపుచ్చడానికి వీల్లేదు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్తలు ఆండ్రూ లిటిల్, ఆన్ మెంగ్ 2024లో వెలువడిన వ్యాసంలో, అధికార పక్షాలు ఎన్నికల్లో ఓడిపోవడం వంటి కంటికి కనిపించే కొలతలను మాత్రమే తీసుకుంటే ప్రపంచమంతటా ప్రజాస్వామ్యం క్షీణిస్తోందనడానికి బలమైన ఆధారం దొరకడం లేదన్నారు. వి-డెమ్ పరిశోధకులు దానికి దీటుగా జవాబిచ్చారు: ఎన్నిక గెలుపోటముల లెక్కలో పత్రికల మీది ఒత్తిడి, న్యాయస్థానాల మీది ఒత్తిడి కనిపించవు, వాటిని చూడగలిగేది ఎరిగినవారి కళ్లే. ఈ వాదనలో రెండు పక్షాలకూ బలముందని నా అభిప్రాయం. అయితే రెండు పక్షాలూ వదిలేసిన సాక్షి ఒకరున్నారు. ఆ సాక్షి ఓటరు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో భారత ప్రజాస్వామ్యం నిలుస్తుందని నమ్మిన పాశ్చాత్య పండితులు తక్కువ. సంపద, చదువు పెరిగిన దేశాల్లోనే ప్రజాస్వామ్యం వేళ్లూనుకుంటుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త సేమోర్ లిప్‌సెట్ 1959లో రాసిన వ్యాసం ఆ శాస్త్రంలో దశాబ్దాలపాటు ప్రామాణికంగా నిలిచింది. మన దేశంలో ఆ రెండూ కొరవే. తొలి సాధారణ ఎన్నికలకు సిద్ధం చేసిన 17 కోట్ల పైచిలుకు ఓటర్ల జాబితా నుంచి దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లను తొలగించాల్సి వచ్చింది. కారణం, ఇంటికి వచ్చిన గణకుడికి వారు సొంత పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యననో, ఫలానా వాడి తల్లిననో రాయించుకున్నారు. అలా రాసిన పేర్లను ఉంచడానికి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. ఓటరు అంటే సొంత పేరున్న మనిషి అన్నది ఆయన పట్టు. ఓటర్ల జాబితా ఉత్త కాగితాల కట్ట కాదని, ప్రజాస్వామ్యంలోకి మనిషి అడుగుపెట్టే గడప అదేనని ఆ ఘటన చెబుతుంది. ఈ కథనంలో ఆ జాబితా ప్రస్తావన మళ్లీ వస్తుంది.

భారత రాజకీయాలను దగ్గరి నుంచి చూసిన తొలి పరిశోధనల్లో తెలుగు నేలకు పెద్ద చోటుంది. ఆంధ్ర రాష్ట్రంలో 1955 ఎన్నికల తర్వాత అమెరికా పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ ఇక్కడి కమ్యూనిస్టు ఉద్యమంలో కులం పాత్ర మీద రాసిన వ్యాసం 1956లో అమెరికా రాజనీతి శాస్త్ర పత్రికలో అచ్చయింది. కమ్మ, రెడ్డి వర్గాల పోటీ అన్న చట్రం ఆ తర్వాతి పరిశోధనలన్నిటికీ, నేటి టీవీ విశ్లేషణలకు కూడా, అక్కడి నుంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. కాంగ్రెస్ పార్టీ ఊరి స్థాయిలో ఎలా నిలదొక్కుకుందో తెలుసుకోవడానికి అమెరికా రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1960ల్లో ఎంచుకున్న ప్రాంతాల్లో గుంటూరు జిల్లా ఒకటి. ఈ పరిశోధనలు విలువైనవే. అయినా అవి నాయకులను, వర్గాలను చూసినంతగా మామూలు ఓటరును చూడలేదు.

ఆ లోటు తీర్చే ప్రయత్నం 1963లో రజనీ కొఠారి ఢిల్లీలో నెలకొల్పిన అభివృద్ధి చెందుతున్న సమాజాల అధ్యయన కేంద్రం, అందరికీ తెలిసిన పేరుతో సీఎస్‌డీఎస్, చేతిలో మొదలైంది. 1967 ఎన్నికల ముందు లండన్ టైమ్స్ విలేకరి నెవిల్ మాక్స్‌వెల్ భారతదేశంలో జరగబోతున్నది నాలుగో సాధారణ ఎన్నిక, నిశ్చయంగా చివరిది కూడా అని రాశారు. సరిగ్గా ఆ ఏడే సీఎస్‌డీఎస్ మొదటి జాతీయ ఎన్నికల అధ్యయనం చేసింది. కాంగ్రెస్ పలు రాష్ట్రాల్లో అధికారం కోల్పోయింది, ఎన్నికలు మాత్రం ఆగలేదు. ఢిల్లీలో కూర్చుని జోస్యం చెప్పిన వారికీ, ఓటరు ఇంటికి వెళ్లి అడిగిన వారికీ మధ్య తేడా ఆ ఒక్క ఏడాదిలోనే తేటతెల్లమైంది.

ఈ అధ్యయనం ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. పరిశోధకులు ముందుగా నియోజకవర్గాలను, వాటిలో పోలింగ్ కేంద్రాలను యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తారు. ఆ కేంద్రం ఓటర్ల జాబితా తీసుకుని, ఒక పేరు నుంచి మొదలుపెట్టి ఇన్ని పేర్లకొకటి చొప్పున గుర్తుపెడతారు. ఆ పేరు గల మనిషే జవాబు చెప్పాలి. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి కాదు, భార్య తరఫున మాట్లాడబోయే భర్త కాదు. ఓటు ఎవరికి వేశారన్న ప్రశ్న దగ్గర పార్టీల గుర్తులు అచ్చేసిన నమూనా బ్యాలెట్ ఇచ్చి, పక్కకు వెళ్లి గుర్తుపెట్టి, మడిచి పెట్టెలో వేయమంటారు. చదువు రాని కూలి మహిళ కూడా అక్కడ ఎవరి చెవినా పడకుండా తన మాట చెప్పగలదు. ‘తెలియదు’, ‘చెప్పలేను’ అన్న జవాబులను సైతం పారేయకుండా నమోదు చేస్తారు. గొంతు విప్పడానికి జనం ఎక్కడ జంకుతున్నారో ఆ గడులు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

1971, 1980 అధ్యయనాల తర్వాత చాలాకాలం ఈ పని ఆగిపోయింది. 1996లో సుమారు 9,600 మందితో మళ్లీ మొదలై, సీఎస్‌డీఎస్‌లోనే లోక్‌నీతి అనే విభాగంగా స్థిరపడి, 2004 నాటికి 27 వేల మందికి పైగా ఓటర్లను చేరింది. ఈ రెండో దశలో బయటపడిన సంగతి ప్రపంచ రాజనీతి శాస్త్రంలోనే విశేషమైనది. పాశ్చాత్య దేశాల్లో పేదలు, చదువు తక్కువవారు పోలింగ్‌కు దూరంగా ఉంటారు. మన దేశంలో దళితులు, పేదలు, పల్లెవాసులు సంపన్నులకు, పట్టణవాసులకు ఏమాత్రం తీసిపోకుండా, కొన్నిచోట్ల మించి ఓటు వేస్తున్నారని రాజనీతి శాస్త్రవేత్త యోగేంద్ర యాదవ్ ఈ లెక్కల ఆధారంగా చూపించారు. లిప్‌సెట్ సూత్రానికి భారత్ ఎందుకు లొంగలేదో ఏ నిపుణుడి మార్కుల పట్టికలోనూ దొరకని జవాబు ఇందులో దొరికింది.

ఇదే పద్ధతి చేదు నిజాలనూ చెప్పగలదు. ఎన్నికల సంఘం మీద గట్టి నమ్మకం ఉందని చెప్పినవారు 2019లో 51 శాతం కాగా, 2024 ఎన్నికల ముందు చేసిన సర్వేలో 28 శాతానికి తగ్గారు. ఇది గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన అంకె కాదు. మన ఓటర్ల నోటి నుంచి వచ్చిన మాట. విదేశీ సంస్థల మార్కుల మీద అభ్యంతరం ఉన్నవారు ఈ అంకె దగ్గర ఒక నిమిషం ఆగాలని నా మనవి.

ఇంత ముఖ్యమైన పనికి కావలసిన ముడిసరుకే ఇప్పుడు కరవవుతోంది. అన్నిటికంటే ముందు ఓటర్ల జాబితా. కంప్యూటర్‌లో వెతికి సరిపోల్చుకునే రూపంలో జాబితాలు ఇప్పించాలన్న అభ్యర్థనను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో తోసిపుచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున ఓటు వేద్దామని వెళ్లి, జాబితాలో తమ పేరు లేదని తెలిసి వెనుదిరిగినవారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2025లో బిహార్‌లో జరిగిన ప్రత్యేక సవరణ తర్వాత ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఆ పేర్లను, తొలగించిన కారణాలతో సహా, వెతకడానికి వీలైన రూపంలో వెల్లడించాలని ఆగస్టులో సుప్రీంకోర్టే ఆదేశించింది. దీనికి తోడు 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమాల్లో 93వ నియమాన్ని సవరించడంతో, సీసీటీవీ దృశ్యాల వంటి ఎలక్ట్రానిక్ రికార్డులు ప్రజల పరిశీలనకు అందకుండా పోయాయి.

పరిశోధకుల పరిస్థితి కూడా ఇలాగే బిగుసుకుంటోంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హోరాహోరీ నియోజకవర్గాల ఫలితాలను పరిశీలించిన ఒక పత్రం 2023లో వెలువడినప్పుడు, దాని లెక్కల మీద జరగాల్సిన చర్చ కంటే దుమారమే ఎక్కువగా చెలరేగింది. కొద్ది రోజులకే రచయిత తన విశ్వవిద్యాలయ ఉద్యోగానికి రాజీనామా చేశారు. 2025 ఆగస్టులో సీఎస్‌డీఎస్ ఆచార్యుడొకరు మహారాష్ట్ర ఓటర్ల సంఖ్యలను తప్పుగా పోల్చి సామాజిక మాధ్యమంలో పెట్టి, తప్పు తెలిసి తొలగించి, క్షమాపణ చెప్పారు. ఆ తప్పు చిన్నది కాదు. అంకెల మీదే నమ్మకం నిలబడే వృత్తిలో అలా జరగకూడదు. కానీ దాని మీద పోలీసు కేసులు నమోదయ్యాయి, సుప్రీంకోర్టు స్టే ఇవ్వాల్సి వచ్చింది. అంకె తప్పితే సరైన అంకెతో దిద్దాలి. పోలీసు స్టేషన్‌కు ఎక్కే అవకాశం ఉందని తెలిసిన యువ పరిశోధకుడు రేపు ఏ ప్రశ్నను ఎంచుకుంటాడో, ఏ ప్రశ్నను వదిలేస్తాడో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

ఇక జనగణన. సర్వే నమూనాలో మహిళలు, దళితులు, ఆదివాసులు, పట్టణవాసులు తగిన పాళ్లలో ఉన్నారో లేదో సరిచూసుకోవడానికి పరిశోధకుడు తిరగేసేది ఆ లెక్కలనే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చి, ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. ఆ లెక్కలు చేతికందేవరకు, దేశంలో ఏ ఊరి ఓటరు గడప తొక్కిన సర్వే అయినా తన నమూనాను 2011 నాటి ఊరితోనే పోల్చుకోవాలి.